మలుపు మైసమ్మకు ఇచ్చిన ఇనుము

దేవత ముందు నాలుగు రోజులు ఉంచిన ఇనుము గట్టిపడుతుందని నమ్మే మనిషికి, ఆ ఇనుము ప్రాణం తీస్తుందని మీరైతే ఎట్లా చెబుతారు? తొందరపడి జవాబు ఇవ్వకండి. నేను తొందరపడ్డాను. గ్రంథాలయంలో వారం వారం జరిగే చర్చల్లో నోటికి పదును పెట్టుకున్నవాణ్ణి, జాతరలో బలులు వద్దని కరపత్రాలు పంచి రాళ్లదెబ్బలు తిన్నవాణ్ణి, మూఢనమ్మకం ఎక్కడ కనిపించినా అక్కడే నిలబెట్టి కడిగేయాలనుకునేవాణ్ణి. ఆ రోజు నేనన్న మాటల్లో ఒక్క అబద్ధం లేదు. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. మైసమ్మ ఒక రాయి. ఇనుముకు దైవం తెలియదు. అయినా మా అక్క నాతో మాట్లాడి ఆరేళ్లయింది. ఆమె మాట్లాడకపోవడం న్యాయమేనని నాకు తెలుసు.

అరవైలు మొదలైన కాలం. నేను దేవరకొండ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. మా అక్కను ఇచ్చింది ఆ ఊళ్లోనే. బావ లారీ డ్రైవరు. పల్లికాయ వ్యాపారం చేసే ఒక సేటుకు ఒకే ఒక లారీ ఉండేది, బావ దాన్ని నడిపేవాడు. పంట రోజుల్లో పల్లికాయ బస్తాలు నల్గొండకు, మిగతా రోజుల్లో గొర్రెలూ మేకలూ మహబూబ్‌నగర్ వైపు అంగళ్లకు. సరుకు మీద మనుషులు. బస్సు లేని ఊళ్లకు లారీయే బస్సు.

ఒకనాటి సాయంత్రం బడి విడిచాక సేటు మనిషి వచ్చి పిలిచాడు. పోతే, సేటు వరండాలో తపాలా కవరు పట్టుకొని కూర్చున్నాడు. మెట్టు మీద బావ చాయ్ తాగుతున్నాడు.

"జర సదివి చెప్పు సార్. కంపెనోడు ఏదో రాసిండు. పొద్దటిసంది ఫికరైతాంది," అన్నాడు సేటు.

లారీ తయారుచేసిన కంపెనీ తన బండ్లు కొన్నవాళ్లందరికీ పంపిన ఉత్తరం అది. సంగతి లారీ కమాన్ కట్టల గురించి. బరువు నేరుగా చక్రాల మీద పడకుండా చట్రానికీ ఇరుసుకూ నడుమ ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి కడతారు, అదే కమాన్ కట్ట. అందులో అన్నిటికంటే పొడుగు పట్టీ ఇరుసును దాని జాగాలో పట్టి ఉంచుతుంది. ముందు చక్రం మీది పెద్ద పట్టీ విరిగితే ఇరుసు పక్కకు జరుగుతుంది. డ్రైవరు స్టీరింగు ఎటు తిప్పినా బండి తన ఇష్టం వచ్చిన దిక్కుకే పోతుంది.

కొన్ని నెలల్లో చేసిన పెద్ద పట్టీలకు ఉక్కును కాల్చి చల్లార్చడంలో తప్పు జరిగిందట. పైకి బాగానే ఉంటాయి, ఎప్పుడో బరువు మీద ఉన్నట్టుండి విరుగుతాయి. కింద నెంబర్లు ఇచ్చిన బండ్లను వెంటనే ఆపి హైదరాబాదులో ఏజెంటు దగ్గరికి తేవాలి, రెండు పక్కలా కొత్త పట్టీలు ఊరికే వేసి ఇస్తారు, పాతవాటిని ఇంకెవరూ వాడకుండా ముక్కలు చేయించాలి. ఇదీ ఉత్తరం.

నెంబర్లు ఒక్కొక్కటే చదివాను. మూడో నెంబరు దగ్గర సేటు చెయ్యెత్తాడు.

"ఆగు ఆగు. గది కల్వకుర్తి సావుకారి బండి. మొన్న మలుపుల ఆగింది గదేనా?"

"గదే," అన్నాడు బావ. "ఎడమ పట్టీ ఇరిగి లోయ అంచుకు పోయి ఆగింది. మైసమ్మ ఆపింది."

మిగతా నెంబర్లు చదివాను. మా సేటు బండి నెంబరు లేదు.

"నేను అప్పుడే చెప్పిన సేటూ," అని బావ నవ్వాడు. "మన బండికి ఏ రోగం లేదు. రోగమంత నీకే. కాయితం కనవడంగనే చెమటలు పడ్తయి."

సేటు కూడా నవ్వాడు. నేనూ నవ్వి ఉత్తరం మడిచి ఇచ్చేశాను. రెండో పేజీలో ఇంకో పేరా ఉంది. తప్పు పట్టీల మీద కొసకు జానెడు దూరంలో చిన్న త్రిభుజం, దాని లోపల చుక్క అచ్చుగుద్ది ఉంటుందని, బండి నెంబరు ఏదైనా సరే ఆ గుర్తున్న పట్టీని వాడవద్దని. దాన్ని నేను కళ్లతో చదివాను. పైకి చదవలేదు. నెంబరే లేనప్పుడు గుర్తుతో మనకేం పని అనుకున్నాను. నా ముందు పెట్టిన చాయ్ చల్లారిపోతోంది.

మలుపు మైసమ్మ సంగతి తెలియనివారికి చెప్పాలి. దేవరకొండ నుంచి డిండి వైపు పోతుంటే పది మైళ్ల దూరంలో గుట్టను కోసి రోడ్డు వేసిన చోట ఒక ఏటవాలు దిగుడు ఉంది. దిగుడు నడుమ మలుపు, మలుపులో సున్నం వేసి పసుపు పూసిన ఒక రాయి. డ్రైవర్లు అక్కడ ఆగి చక్రంతో నిమ్మకాయ తొక్కించి పోతారు. ఇది అన్నిచోట్లా ఉన్నదే. మా దారిలో ఇంకొకటి ఉంది. గండం తప్పిన బండి యజమాని, ఆ గండంలో బండిని నిలబెట్టిందని తాను అనుకున్న ఇనుప సామాను విప్పించి మైసమ్మ ముందు పెట్టేవాడు. ఒకరు బ్రేకు కడ్డీ పెడితే ఒకరు చక్రం నట్లు పెట్టేవారు. అది అక్కడ ఉన్నన్నాళ్లు ఉంటుంది. తర్వాత ఎవరి బండిలోనైనా అదే సామాను విరిగితే, ఆ డ్రైవరు కోడిని కోసి, కల్లు సాక పోసి, మైసమ్మ ముందటి సామాను అడిగి తెచ్చి తన బండికి వేసుకునేవాడు. అది గండం చూసి వచ్చిన ఇనుము, దానికి ఇక భయం లేదు అని నమ్మకం. కొత్తది చేతికందుతున్నా దాన్ని కాదని ఇదే వేసుకునేవాళ్లు.

కల్వకుర్తి సావుకారు కూడా అదే చేశాడు. ఎడమ పట్టీ విరిగితే రెండు పక్కలా కొత్తవి వేయించి, విరగని కుడి పట్టీని మైసమ్మ ముందు పెట్టించాడు. ఎడమది విరిగినా కుడిది బండిని లోయలో పడకుండా పట్టుకుంది కదా అని అతని లెక్క. ఈ కథ ఊరంతా తెలుసు. నాకూ తెలుసు. ఉత్తరం చదివిన రోజున ఈ రెండింటినీ కలిపి ఆలోచించాలని నాకు తోచలేదు.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున అక్క ఇంటికి పోయాను. అక్క చేటలో కందులు చెరుగుతోంది.

"బావ ఏడి?"

"బండి మీదికి పోయిండు తమ్మీ. అంగడి మైదానంల జీవాలను ఎక్కించుకొని పాలమూరు దిక్కు పోతాండు. రేపు అంగడి కదా."

"బండి ఖరాబైందని అన్నడు. బాగైందా?"

"మంచిగైంది. కుడి దిక్కు ముందటి పెద్ద పట్టీ ఇరిగింది, ఇంటి ముంగటనే. హైదరాబాదుకెల్లి కొత్తది తెప్పిస్త అన్నడు సేటు. మైసమ్మది ఉండంగ కొత్తదెందుకు అన్నడు మీ బావ. కోడిని కోసి అడిగి తెచ్చిండు." అక్క చేట ఆపి నా వైపు చూసి నవ్వింది. "నువ్వు ఎక్కిరిస్తవని నీకు చెప్పొద్దన్నడు. ఎక్కిరిస్తే ఎక్కిరియ్యి. నాకు మాత్రం ఇప్పుడు ఫికరు లేదు. బండి పోతే గుండె దడదడలాడేది, గిప్పుడు నిమ్మళంగున్నది."

నేను ఎక్కిరించలేదు. మూడో నెంబరు, కల్వకుర్తి బండి, రెండో పేజీ, త్రిభుజంలో చుక్క, అన్నీ ఒకేసారి కళ్లముందుకు వచ్చాయి. చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తులేదు. అంగడి మైదానం దాకా ఉరికాను.

లారీ అక్కడే ఉంది. గొర్రెలను ఎక్కించడం అయిపోయింది. గొర్రెల మధ్య, క్యాబిను మీద ఏడెనిమిది మంది కాపరులు. వెనక చెక్క పట్టుకొని ఒక ముసలావిడ, పక్కన గంప. కల్వకుర్తి దగ్గర పల్లెలో ఉన్న బిడ్డను చూడడానికి పోతోందని ఎవరో అంటున్నారు. నేను ఎవరితోనూ మాట్లాడకుండా లారీ కిందికి దూరాను. కుడి చక్రం మీది పట్టీకి అంటిన మడ్డిని ధోవతి కొంగుతో తుడిచాను. త్రిభుజం. లోపల చుక్క.

బయటికి వచ్చేసరికి బావ నిలబడి నవ్వుతున్నాడు. "ఏం బామ్మర్దీ, డ్రైవరీ నేర్సుకుంటవా?"

"బావా, బండి ఆపు."

"కదలనే లేదు కదా, ఏం ఆపాలె?"

కాపరులు నవ్వారు. నేను ఆ పట్టీ ఖరాబైందని, కంపెనీ వద్దన్న పట్టీ అదేనని చెప్పాను. ఆ క్షణంలో బావ నా మాట విన్నాడు. ఈ సంగతి నేను దాచను. నవ్వు ఆపి, చక్రం వైపు చూసి, నెమ్మదిగా అడిగాడు.

"ఇరిగిన ఎడమ పట్టీ ఖరాబుదే, ఒప్పుకుంట. ఇరగనిది ఎట్ల ఖరాబుదైతది?"

"ఉత్తరంల రాసిండ్రు బావా. గుర్తున్నవన్నీ ఖరాబువే."

"ఉత్తరం నువ్వే సదివినవు. నేను గాడనే కూసున్న. గుర్తు సంగతి చెప్పలేదేంది మరి?"

అందరూ నా వైపు చూశారు. ఒక కాపరి పక్కవాడితో, "సదువొచ్చినోడు గూడ మర్సిపోతడా?" అన్నాడు. మెల్లగానే అన్నాడు, కాని నాకు వినబడింది.

ఇక్కడ నేను చెప్పవలసింది ఒకే ఒక మాట. "నేను చదవలేదు బావా, తప్పు నాది." ఐదే ఐదు మాటలు. ఆ మాట చెప్పి ఉంటే బావ దిగేవాడు. నా నోటికి అది రాలేదు. నా విద్యార్థుల తండ్రులు ఇద్దరు ఆ గుంపులో ఉన్నారు. నా తప్పు బయటపడకుండా నేను మైసమ్మను ముందుకు లాగాను. అలవాటైన వాదం కదా, నోట్లోనే ఉంది.

"ఉత్తరం సంగతి ఇడిసిపెట్టు. రాయి ముంగట పెడితే ఇనుము గట్టిపడ్తదా? గట్ల గట్టిపడితే కంపెనోళ్లు కొలిమెందుకు పెట్టుకున్నరు? మైసమ్మ గుడి కట్టుకుంటే అయిపోవు కద?"

నవ్వు లేచింది. అక్కడ ధాన్యం తూచే రాతి దిమ్మె ఉంటే దాని మీదికి ఎక్కాను. ఎందుకు ఎక్కాను? లారీ ఆపడానికి దిమ్మె ఎక్కనక్కరలేదు.

ఒక నడివయసు కాపరి అడిగాడు. "మైసమ్మ లేకుంటే మా జీవాలు ఎట్ల బతుకుతున్నయి పంతులూ?"

"గడ్డి తిని."

ఇంకా పెద్ద నవ్వు. ఆ నవ్వు నాకు ఎక్కింది. బావ ముఖం ఎర్రబడడం చూశాను. చూసి కూడా ఆగలేదు.

"నన్ను తిట్టు, పడ్త," అన్నాడు బావ. "తల్లిని తిట్టకు."

"తల్లైతే కల్వకుర్తి బండి పట్టీని ఎందుకు ఇరగనిచ్చింది?"

"ఇరిగినా ఎవల్నీ సంపలే కద?"

"సంపకుంట ఆపింది బ్రేకు. నిమ్మకాయ బ్రేకుకు కట్టుండ్రి ఇగ!"

అప్పుడే ఆ ముసలావిడ ఒక కాలు కిందికి దింపింది. చక్రం మీద కాలు పెట్టి, వెనక చెక్కను రెండు చేతులా పట్టుకొని, నా వైపు తిరిగి అడిగింది.

"పంతులూ, దిగుమంటవా బిడ్డా?"

గుంపులో ఒక్క ఆమె నేను చెబుతున్నది మైసమ్మ గురించి కాదని, లారీ గురించని గ్రహించింది. నిజంగా అడిగింది. నేను దిమ్మె మీద నుంచి, జనం నవ్వు ఇంకా చెవుల్లో ఉండగా, ఇట్లా అన్నాను.

"నన్నెందుకు అడుగుతవు అవ్వా, మీ మైసమ్మనే అడుగు!"

జనం మళ్లీ నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఆమెను అడిగే ఎక్కిన బిడ్డా," అని, దింపిన కాలు మళ్లీ పైకి లాక్కుంది.

బావ తలుపు తెరిచి ఎక్కాడు. ఎక్కి, తల బయటపెట్టి, అందరూ వినేటట్టు అన్నాడు. "పందెం బామ్మర్దీ. రేపు మాపటికి గీ జాగలనే బండి నిలవెడ్త. అప్పుడు నువ్వొచ్చి మైసమ్మకు టెంకాయ కొట్టాలె, అందరి ముంగట. కొడ్తవా?"

"నువ్వు రా ముందు," అన్నాను నేను.

అది నేను మా బావకు చెప్పిన చివరి మాట అని చెప్పను, ఇంకో మూడు రోజులు ఆయన బతికాడు. కాని ఆయన నడిచే మనిషిగా ఉండగా నేనన్న చివరి మాట అదే. ఇంజను మోగింది. లారీ నా ముందు నుంచే కదిలింది. చక్రం ముందు పడుకుంటే ఆగేది. దుమ్ము లేస్తుంటే నేను పక్కకు జరిగాను.

లారీ మైదానం దాటేసరికి గుంపు పలచబడింది. నవ్వడానికి ఎవరూ లేరు. అప్పుడు నాకు భయం వేసింది. మొదట సేటు ఇంటికి ఉరికాను.

"సేటూ, బండిని ఆపాలె. ఆ పట్టీ ఉత్తరంల రాసిన పట్టీ."

"మన నెంబరు లేదని నువ్వే అన్నవు కద సార్?"

ఉత్తరం లాక్కొని ఠాణాకు పోయాను. ఎస్సై ఊళ్లో లేడు. హెడ్డు కానిస్టేబులు గోడకు ఆనుకొని కూర్చున్నాడు. డిండి ప్రాజెక్టు దగ్గర ఫోను ఉందని, అక్కడివాళ్లకు చెప్పి లారీని ఎదురుగా పోయి ఆపించమని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆయన కాగితం తిప్పి చూశాడు.

"గీ నెంబర్లల్ల ఆ బండి నెంబరు ఏది?"

"ఆ బండి నెంబరు లేదు. పట్టీ వేరే బండిది."

"నెంబరు లేని బండిని ఏ కానూను కింద ఆపుమంటవు? అర్జీ రాసిపో. సాబు వచ్చినంక చూపెడ్త."

నేను సగం చదివి ఇచ్చిన ఉత్తరం అట్లా సగమై ఊరంతా తిరుగుతోంది. నేనే ఫోను చేద్దామంటే పోస్టాఫీసు ఆదివారం మూసి ఉంది. తలుపు బాదాను. పోస్టుమాస్టరు భార్య బయటికి వచ్చి ఆయన నల్గొండ పోయాడని చెప్పింది. ఇక సైకిలే మిగిలింది.

పది మైళ్లు. మధ్యలో రెండు ఎత్తులు. గొర్రెల బరువుతో లారీ మెల్లగా పోతుంది, దారిలో ఎక్కడైనా ఆగి ఇంకొందరిని ఎక్కించుకుంటుంది, మలుపులో నిమ్మకాయకు ఆగుతుంది, అని లెక్కలు వేసుకుంటూ తొక్కాను. మైసమ్మ దగ్గర లారీ ఆగాలని కోరుకుంటున్నాను! ఆ ఆలోచన వచ్చినప్పుడు కూడా నాకు సిగ్గు వేయలేదు. పట్టీ ఎన్ని గుంతలు ఓర్చుకుంటుందో లెక్కపెట్టబోయి వదిలేశాను. రెండో ఎత్తు దగ్గర గొలుసు ఊడింది. ఎన్నిసార్లు వేసినా గొలుసు పళ్ల మీద కూర్చోలేదు. రోడ్డు మీద కూర్చొని ఏడ్చాను. ఎవరికి చెప్పుకోవాలి? మొక్కుకోవడం వచ్చినవాడు మొక్కుకుంటాడు. నాకు అదీ రాదు. మళ్లీ గొలుసు వేసి తొక్కాను.

ఎదురుగా ఎడ్లబండి వచ్చింది. బండివాడు ముకుతాడు బిగబట్టి ఆపి, "వాపస్ పో సార్, తొవ్వ లేదు," అన్నాడు. "లారీ వడ్డది. జీవాలన్ని గుట్టలకు ఉరికినయి."

మలుపుకు ముందే పడింది. దిగుడు మొదలైన చోట. మైసమ్మ రాయి ఇంకా అల్లంత దూరాన ఉంది. రోడ్డు మీద చక్రం గీసిన గీత సూటిగా వచ్చి ఒక్కసారిగా కుడికి తిరిగి బండల్లోకి పోయింది. లారీ పక్కకు ఒరిగి ఉంది. గొర్రెలు కొన్ని కింద, కొన్ని గుట్ట మీద అరుస్తున్నాయి. కాపరులు చాలామంది దూకి దెబ్బలతో బయటపడ్డారు. ముసలావిడ దూకలేకపోయింది. ఆమెను పక్కన పడుకోబెట్టి తువ్వాల కప్పారు. గంపలో బిడ్డకు తీసుకుపోతున్న జొన్నరొట్టెల మూట ముడి విప్పకుండా ఉంది. ఆమె పేరు అడిగాను. అక్కడున్న ఎవరికీ తెలియదు.

బావకు నడుము కింది భాగమంతా స్టీరింగుకూ తలుపుకూ నడుమ నలిగింది. నల్గొండ దవాఖానకు చేర్చేసరికి పొద్దుగూకింది. మూడు రోజులు ఉన్నాడు. రెండో రోజు అక్క నీళ్లకు పోయినప్పుడు కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"ఉత్తరంల నిజంగనే ఉండెనా?"

"ఉండె బావా. నేను సదవలే. తప్పు నాది."

"గీ మాట పక్కకు పిలిచి చెప్తే దిగెటోణ్ణి కద రా. నలుగుర్ల నిలవెట్టి నవ్విచ్చినవు. ఎట్ల దిగాలె?"

మూడో రోజు పోయాడు.

ఆ తర్వాత జరిగిందే నన్ను ఎక్కువ కాల్చింది. ఊరంతా ఒకే మాట. పంతులు మైసమ్మను తిట్టాడు, తల్లి కోపం చేసింది, మలుపు చేరనియ్యకుండానే బండిని పడేసింది. నేను చేసిన వాదమే వాళ్ల నమ్మకానికి సాక్ష్యం అయింది. ఇరవై ఏళ్లు పూజారులు చెప్పినా ఇంత గట్టిగా నాటుకునేది కాదు. దినాల రోజున నేను ఉత్తరం పట్టుకొని అక్క ముందు కూర్చుని రెండో పేజీ అంతా చదివి అర్థం చెప్పాను. అక్క చివరి దాకా విన్నది.

"గిది ముందు సదువకపోతివి," అన్నది. "సదువకపోతే పోతివి, తల్లినన్న తిట్టకుంట ఉండకపోతివి."

మొదటి మాటకు తల వంచాను. రెండో మాటకు తల వంచలేను. అది కోపం కాదు, ఉక్కు అని చెప్పబోయాను. ఆమె లేచి లోపలికి పోయింది. అప్పటి నుంచి మాట లేదు.

ఇంకొక్క సంగతి ఉంది. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను. దినాలు అయిన మర్నాడు సైకిలు మీద మలుపుకు పోయాను. మైసమ్మ ముందు పసుపు కుంకుమ పూసిన పెద్ద పట్టీలు మూడు ఉన్నాయి. మూడింటి మీదా త్రిభుజం, లోపల చుక్క. అక్కడే గుడిసె వేసుకొని రాయికి సున్నం వేసే ఒక ముసలమ్మను అడిగితే చెప్పింది. ఉత్తరం అందిన యజమానులు హైదరాబాదు పోయి కొత్త పట్టీలు వేయించుకున్నారు. పాతవాటిని ఏజెంటు పట్టించుకోలేదు. వాళ్లు వాటిని వెంట తెచ్చుకొని, విరగకముందే కాపాడినందుకు తల్లికి ఇచ్చిపోయారు. కంపెనీ రోడ్డు మీది నుంచి తీసేయమన్న ఇనుమంతా మళ్లీ రోడ్డు మీదికి పోయే చోటికే చేరుతోంది.

అంత పొడుగు పట్టీలు మూడింటిని సైకిలు మీద తేలేను. మర్నాడు కమ్మరి బండి కట్టించుకొని పోయాను. దారి పొడుగునా నా వాదం సిద్ధం చేసుకున్నాను. ముసలమ్మ అడ్డం పడితే ఏం చెప్పాలి, జనం పోగైతే ఏం చెప్పాలి. తీరా పోయాక ముసలమ్మ ముఖం చూసి అవేవీ నోటికి రాలేదు.

"అమ్మా, గీ ఇనుము ఖరాబుది. మా బావ గిట్లాంటిదే ఏసుకొని సచ్చిపోయిండు. తీస్కపోయి ముక్కలు చేపిస్త."

"తీస్కపో బిడ్డా," అన్నది ఆమె. "మనుషుల్ని సంపేది తల్లికి మాత్రం ఎందుకు?"

అంతే. ఒక్క వాదం లేదు. ఆ మాట అంత సులువుగా దొరుకుతుందని తెలిసినప్పుడు నాకు అక్కడే కూలబడిపోవాలనిపించింది.

కాని పట్టీలు రెండే ఉన్నాయి.

"మూడోది ఏదమ్మా?"

"నిన్న మాపటికి ఒక లారాయన కోడిని కోసి తీస్కపోయిండు. నారాయణపేట దిక్కు బండంట. ముందు చక్రానికి అన్నడు."

నారాయణపేటకు పోయాను. నాలుగుసార్లు. చీరల మూటలు ఎత్తే లారీల కిందికి దూరాను, మక్తల్ దారిలో ఆగిన లారీల కిందికి దూరాను, పిచ్చివాడని తన్నించుకున్నాను. పోలీసులకు, రవాణా ఆఫీసుకు, కంపెనీకి రాశాను. నెంబరు చెప్పమని జవాబులు వచ్చాయి. నెంబరు లేదు. ఆ పట్టీ ఇంకా ఎక్కడో తిరుగుతోంది, దాని మీద మనుషులు కూర్చుంటున్నారు. అట్లాంటివి ఇంకెన్ని ఏయే మలుపుల నుంచి పోయాయో ఎవరికీ తెలియదు.

నల్గొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో, హుజూర్‌నగర్‌లోనో ఇది చదువుతున్న మీకు చెబుతున్నాను. ఈ పత్రిక పక్కన పెట్టండి. మీ ఊళ్లో ఆగే ప్రతి లారీ దగ్గరికీ పోండి. ముందు చక్రాల మీది పెద్ద పట్టీని, కొసకు జానెడు దూరంలో, గుడ్డతో తుడిచి చూడండి. త్రిభుజం, లోపల చుక్క ఉంటే డ్రైవరును పక్కకు పిలిచి మెల్లగా చెప్పండి. వినకపోతే చక్రం ముందు పడుకోండి. పైన కూర్చున్నవాళ్లలో ఎవరైనా దిగమంటారా అని అడిగితే మైసమ్మ ఊసు ఎత్తకండి, నవ్వకండి, నవ్వించకండి. చెయ్యి అందించి దింపండి.